ఛాయాపటమున కందని భాగము

మా సీమకు సముద్రము లేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో ఏ మేడ యెక్కి ఏ దిక్కు చూచినను కడలి కానరాదు. అలల చప్పుడు వినవలెనన్నచో కృష్ణ వెంట తూర్పుగా బందరు దాక పోవలసినదే. అయినను మాకు సాగరములు రెండున్నవి. ఒకటి నాగార్జునసాగరము. దాని ఎడమకాలువ నీరు మిర్యాలగూడ మాగాణులను తడిపి కోదాడ వైపు సాగును. మిర్యాలగూడలో అన్ని బియ్యపు మిల్లులు వెలయుటకు ఆ నీరే కారణము. రెండవది హైదరాబాదులోని హుస్సేనుసాగరము. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలమున, 1562 ప్రాంతమున, కట్టించిన చెఱువది. పేరునకు సాగరమేగాని, మాకొక మడికైనను నీరియ్యదని మావారందురు. ఈ మాటయు పూర్తిగా నిజము కాదు. ఆ చెఱువు పొంగునీరు మూసీలో కలియును. మూసీ సూర్యాపేట ప్రక్కగా పాఱి, మిర్యాలగూడకు దిగువను వాడపల్లి యొద్ద కృష్ణలో పడును. మహానగరము కడిగి విడిచిన నీరు ఎట్టిదో మూసీ ఒడ్డు రైతుల నడిగిన చెప్పగలరు. అది వేఱు కథ.

ఈ రెండు సాగరములలోను బుద్ధుడున్నాడు. మొదటిదానిలో, నీరు రానున్నదని ముందుగా తెలిసి, మనుష్యులు ఆయన ఆనవాళ్లను పైకి తరలించిరి. రెండవదానిలో, మనుష్యులే ఆయనను నీటిమీదికి కొనిపోయి జాఱవిడిచిరి. మేమిచట చెప్పదలచినది ముఖ్యముగా ఈ రెండవ కథ.

మే మెఱిగిన ఇండ్లలో పెండ్లిపటముల తరువాత తప్పక కనబడు పటము ఒకటి కలదు. నీటి నడుమ వేదికమీద ఇంటిల్లిపాది వరుసగా నిలిచియుందురు. వెనుక తెల్లని ఱాయి. ఆ ఱాయి బుద్ధుడని తెలియుటకు తల కనబడవలెను గదా? మనుష్యుల ముఖములు చక్కగా వచ్చిన పటములో బుద్ధునికి మోకాళ్లే యుండును. బుద్ధుని తల వచ్చిన పటములో మనవారు చీమలవలె నుందురు. ఈ చిక్కు తీరక, రెండు పటములు తీయించి ప్రక్కప్రక్కన అంటించిన గృహస్థు లున్నారు. మేమును వారిలోనివారమే.

మొన్నటి చలికాలమున మరల అట్టి పటము కొఱకే పోయితిమి. మా తల్లిగారును, మా గృహిణియు, పదునాలుగేండ్ల మా అమ్మాయియు వెంటనుండిరి. సూర్యాపేటలో తెల్లవాఱక మునుపే బస్సెక్కి, పట్నము చేరి, లుంబినీ వనము రేవున పడవ యెక్కితిమి. సెల్‌ఫోను అమ్మాయి చేతిలో నుండెను. వేదిక చేరగానే అది మమ్ము ముందుకును వెనుకకును నడిపించి, కూర్చుండబెట్టి, నిలువబెట్టి, విసిగి, తుదకు తాను నేలమీద వెల్లకిల పడుకొని పైకి చూచి పటము తీయసాగెను. మా తల్లిగారు విగ్రహము పాదములను చేత్తో తడవి, నీటివంక చూచి అడిగిరి: "గింత రాయిని ఈ నీళ్ల నడుమకు ఎట్ల తెచ్చిండ్రు బిడ్డా?"

"పడవ మీద తెచ్చిన్రంట నాయనమ్మా."

"తెచ్చినోళ్లు యాడున్నరు?"

పిల్ల మావైపు చూచెను. మేము నీటివైపు చూచితిమి.

ఆ ప్రశ్నకు మా యొద్ద సమాధానము లేకపోలేదు. అయితే అది పండుగపూట వేదికమీద నిలిచి పిల్లకు చెప్పదగినదిగా నాడు తోచలేదు. ఇంటికి వచ్చిన పిమ్మట చెప్పితిమి. చెప్పినదానినే ఇచట కొంత విరివిగా వ్రాయుచున్నాము.

నందమూరి తారక రామారావుగారు 1983 మొదలు 1989 వఱకు, నడుమ కొలది దినములు తప్ప, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా నుండిరి. అమెరికా పోయినప్పుడు న్యూయార్క్ రేవులో సముద్రము నడుమ నిలిచిన స్వేచ్ఛాదేవి విగ్రహమును చూచి, అట్టిదొకటి తమ ప్రజల కీయవలెనని సంకల్పించితిమని వారే తరువాత చెప్పియున్నారు. అయితే భావమునకు రూపము కల్పించుటకు మాఱుగా, చరిత్రలో నిజముగా నడయాడిన మనుష్యుని నిలుపదలచి, బుద్ధుని ఎన్నుకొనిరి. ఆంధ్రదేశమున అమరావతి, నాగార్జునకొండ, భట్టిప్రోలు ఉండగా ఆ యెన్నికకు వేఱు సాక్ష్యమక్కఱలేదు. మా సూర్యాపేట జిల్లాలోనే ఫణిగిరి కలదు. పాము పడగవలె నుండు ఆ గుట్టమీద స్తూపమును, విహారములను, చెక్కడపు తోరణఖండములను పురావస్తుశాఖవారు ఈ శతాబ్దారంభమున త్రవ్వి తీసిరి. ఇక్ష్వాకు రాజగు రుద్రపురుషదత్తుని శాసనము కూడ అందు దొరకెను. 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియమున ప్రాచీన బౌద్ధశిల్పముల ప్రదర్శనము జరిగినప్పుడు ఫణిగిరి ఱాళ్లు కొన్ని సముద్రము దాటి పోయినవి. ఒక నాయకుడు న్యూయార్క్ నుండి ఊహ తెచ్చెను. నలువదేండ్ల లోపలనే మా గుట్ట ఱాళ్లు ఆ యూరికి చుట్టపుచూపుగా పోయివచ్చినవి.

విగ్రహమునకు ఱాయి మా పాత నల్లగొండ జిల్లాలోనే దొరకెను. భువనగిరి చెంత రాయగిరి యొద్ద, హైదరాబాదునకు సుమారు అరువది కిలోమీటర్ల దూరమున, పగులు లేని తెల్లని గ్రానైటుబండ కనబడెను. 2016లో జిల్లాలు విడిపోయి ఆ యూరు నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలోనిదైనది. సూర్యాపేట, కోదాడ ఒక జిల్లాలోను, మిర్యాలగూడ నల్లగొండలోను నిలిచినవి. కాని ఆ నాడు అందరము ఒకే జిల్లావారము. 1985 అక్టోబరులో పని మొదలైనది. గణపతి స్థపతిగారి ఆధ్వర్యవమున ఏండ్ల తరబడి ఉలులు మ్రోగినవి. అభయహస్తముతో నిలిచిన ఆ మూర్తి యెత్తు 58 అడుగులు. బరువు మూడువందల టన్నులకు పైబడినది. అతుకులు లేవు, ఒకటే ఱాయి. ఇంత యెత్తు ఏకశిలలో చెక్కుట సామాన్యము కాదు. చెక్కినదానిని కదల్చుట అంతకంటె కష్టము. నగరమున బాటలు వెడల్పు చేయవలసి వచ్చెను. 192 చక్రముల బండిమీద విగ్రహము పట్నము చేరెను. చెఱువు నడుమ దానికై కట్టిన వేదికకు జిబ్రాల్టరు శిల యని పేరు.

1989 చివర ఎన్నికలలో ఆ ప్రభుత్వము ఓడిపోయెను. విగ్రహమును నీరు దాటించు పని క్రొత్త ప్రభుత్వము పాలబడెను. 1990 మార్చి 10వ తేదీన దానిని పంటుమీద నెక్కించి వేదికవైపు సాగించిరి. కృష్ణ దాటుటకు మనవారు వాడు బల్లకట్టునకు మిగుల పెద్దదగు రూపమే పంటు. ఒడ్డు విడిచి నూరు గజములు పోవునంతలోనే అది ఒరగెను. విగ్రహము నీటిపాలయ్యెను. దానితోపాటు పంటుమీద పనిచేయుచున్నవారు కొందఱు మునిగి చనిపోయిరి.

ఇట్టిది జరిగినప్పుడు అపశకునమనియు, ముహూర్తదోషమనియు, జలదేవతకు బలి యనియు మన యిండ్లలో మాటలు పుట్టుట పరిపాటి. చదువుకొన్నవారును అట్టి మాటలకు తలలూపుట మేమెఱుగుదుము. ఇందు ఏ దేవత ప్రమేయమును లేదు. పడవమీది మోపు ఎంత యెత్తున నున్న అంత ప్రమాదము. మోపు బరువును పడవను మోయు నీటి ఒత్తిడియు ఒక నిలువుగీతలో నున్నంతవఱకే పడవ నిలుచును. మోపు కొంచెము ప్రక్కకు జరిగినచో పడవ ఒకవైపు వంగును. వంగినకొలది మోపు మఱింత జరుగును. పిదప ఆపుట మానవశక్యము కాదు. గడ్డిమోపు విషయమున నిజమైన ఈ సూత్రము బుద్ధవిగ్రహము విషయమునను నిజమే. దేవతమీద నెపము మోపుట వలన ఒక నష్టము కలదు: మనుష్యు లడుగవలసిన ప్రశ్నలు అడుగక మానివేయుదురు.

చెఱువడుగున విగ్రహము రెండేండ్లు దాటి, మూడేండ్లు నిండక, పడియుండెను. ఆ నడుమ ఇద్దరు ముఖ్యమంత్రులు దిగిపోయిరి. నీటిలోనున్న వస్తువు తాను తొలగించిన నీటి బరువంత తేలికయగునని పిల్లలు బడిలో చదువుదురు. గ్రానైటు ఆ లెక్కను తన బరువులో మూడవవంతునకు పైగా కోల్పోవును. అయినను మిగిలిన బరువు రెండువందల టన్నులు. దానికి తోడు బురద పట్టు. తుదకు దానిని పైకి తీసి, 1992 డిసెంబరు 1వ తేదీన వేదికమీద నిలిపిరి. ఱాయి చెక్కుచెదరలేదు. 2006లో దలైలామా వచ్చి ప్రతిష్ఠావిధి జరిపెను.

ఇక మా తల్లిగారి రెండవ ప్రశ్న.

విగ్రహము ఎత్తు అడుగులలో చెప్పగలము. బండి చక్రములు లెక్కించి చెప్పగలము. చెక్కుటకు పట్టిన కాలమును, మునిగిన దినమును, లేచిన దినమును చెప్పగలము. కాని ఆ దినమున చనిపోయినవా రెందఱని పుస్తకములు తెఱచినచో కొన్నిట ఎనిమిది యనియు, కొన్నిట పది యనియు ఉండును. ఎనిమిదికిని పదికిని నడుమ ఇద్దరు మనుష్యులున్నారు. వారికి ఇండ్లుండెను, సాయంకాలమునకు వత్తురని ఎదురుచూచిన వారుండిరి. ఱాతికి తప్పని లెక్క మనుష్యులకు తప్పినది.

ఛాయాపటములకు ఇందు కొంత బాధ్యత కలదని మా అభిప్రాయము. న్యూయార్క్ స్వేచ్ఛాదేవిని శిల్పి బార్తోల్డి పారిసులో నిర్మించుచున్న దినములలో ఆల్బేర్ ఫెర్నీక్ అను ఛాయాచిత్రకారుడు ఆ కర్మశాలలోనికి పోయి పటములు తీసెను. ఆ పటములు నేటికిని నిలిచియున్నవి. మేడంత యెడమచేతి ప్రక్కన వడ్రంగులు, సుద్దపని వారు, రేకు సాగగొట్టువారు పనిచేయుచును, ఒక్కొకచో పని యాపి కెమెరావంక చూచుచును ఉందురు. వారి పేర్లు మనకు తెలియవు, ముఖములు తెలియును. విగ్రహమును 1886 అక్టోబరు 28వ తేదీన ఆవిష్కరించిరి. అంతకు పదేండ్ల ముందే దాని దివిటీచేయి ఒక్కటి ఫిలడెల్ఫియా ప్రదర్శనమున నిలిచియుండెను; జనులు దానిలోని కెక్కి చూచిరి. ఆ దేశములో విగ్రహము పుట్టుకయే విగ్రహములో భాగమైనది. మనయందు విగ్రహము పూర్తియైన పిమ్మటనే దానికి జన్మము.

మన శిల్పములకును ఛాయాపటములకును గల సంబంధము ఈనాటిది కాదు. అదియు సముద్రతీరముననే మొదలైనది. 1830 తరువాత దొర యొకడు అమరావతి ఫలకములను కొన్నిటిని బందరునకు తెప్పించి, తాను క్రొత్తగా కట్టించిన బజారు నడుమ అలంకారముగా నిలిపెను. స్తూపము విఱుగుట ఆయనకు పట్టలేదు. బజారు అందమే పట్టెను. 1845లో వాల్టరు ఎలియటు మరల త్రవ్వించి మఱికొన్నిటిని మదరాసునకు పంపెను. అవి చాలకాలము ఆరుబయట ఎండకును వానకును ఉప్పుగాలికిని ఓర్చి పడియుండెను. 1858లో లిన్నేయస్ ట్రైపు అను సైనికోద్యోగి మదరాసు మ్యూజియమున వాటికి ఒక్కొకదానికి పటము తీసెను. మఱుసటి యేడే చాలవఱకు ఓడనెక్కి లండను పోయినవి. ట్రైపు తీసిన పటములలో ఫలకములు తమ యూరిలో లేవు. తమ గోడలో లేవు. ఎవరు త్రవ్విరో, ఎవరు బండ్లమీద నెత్తిరో కనబడదు. ఱాయి మాత్రము స్పష్టముగా నున్నది. ఆ లోపమున్నను ఆ పటములు మనకు మేలే చేసినవి. ఏ ఱాయి ఏ స్థితిలో నుండెనో అవి చెప్పును.

నాగార్జునకొండ విషయము కొంత మెరుగు. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు ఆనకట్టకు శంకుస్థాపన చేయు నాటికే, 1954 మొదలు, సుబ్రహ్మణ్యంగారి నాయకత్వమున లోయ యంతయు త్రవ్వుచుండిరి. 1960 వఱకు ఆ పని సాగెను. ముఖ్యకట్టడములను ఇటుక కిటుక గుర్తుపెట్టి కొండమీదికిని, ఒడ్డునగల అనుపునకును మార్చిరి. మాకు కాలువనీరు వచ్చుటకై మునిగిన లోయ యది. మేము తినుచున్న అన్నములో ఆ విహారముల వెల కొంత కలదనుట అతిశయోక్తి కాదు. అచట త్రవ్వకముల ప్రతిదశకును పటములు తీసిరి. కొలతకోల ప్రక్కన గంపయు పారయు పట్టిన కూలివాడును పటములో నిలిచెను. శాస్త్రమునకు కావలసినది కొలత యేగాని, దానివలన కూలివానికిని చోటు దొరకెను.

ఇచట మఱియొక మాట. 1892లో రాజా లాలా దీనదయాళు హైదరాబాదులో ఘోషా స్త్రీల కొఱకు ప్రత్యేకముగా పటముల శాల పెట్టి, దానిని ఒక ఆంగ్లస్త్రీ చేతిలో నుంచెను. నాడు ఆ పట్నమున గొప్పయింటి స్త్రీ పటము తీయించుకొనుటకే గోడలు కావలసివచ్చెను. నేడు మా అమ్మాయి, నలుగురు చూచుచుండగా చెఱువు నడుమ నేలమీద పడుకొని, తానే పటము తీయుచున్నది. మా గృహిణి కొంచెము నొచ్చుకొన్నను మేము వారింపలేదు. కెమెరా ఎవరి చేతిలో నుండునో వారే ఏది చూడదగినదో నిర్ణయింతురు.

అమ్మాయి ఆ దినమున ముప్పదికి పైగా పటములు తీసెను. వాటిని చూచుచు కొన్ని సంగతులు తెలిసికొంటిమి. పాదములకడ నిలిచి పైకి చూచి తీసిన పటములో విగ్రహము వెనుకకు వాలినట్లుండి, తల చిన్నదగును. కావున దూరము పోవలెను; పోవుటకు వేదికమీద చోటు చాలదు. తిరుగు పడవలో నుండి తీసినవి మెరుగుగా వచ్చినవి. ట్యాంకుబండుమీదినుండి తీయదలచినవారు ప్రొద్దుటిపూట పోవుట మేలు. చెఱువు కట్టకు పడమట నున్నది గాన, సాయంకాలము సూర్యుడు విగ్రహము వెనుకకు దిగి దానిని నల్లని నీడగా మార్చివేయును. కొందఱకు ఆ నీడయే ఇష్టము. ఎట్లు తీసినను ఒక చిక్కు మిగులును. ప్రక్కన మనుష్యుడు లేనిదే 58 అడుగులు పటములో 58 అడుగులుగా తోచవు. పొట్టి పూజామందిరములోని బొమ్మకును దీనికిని భేదము తెలియదు. ఱాయి పెద్దదని చెప్పుటకు మనుష్యుడే కావలెను.

ట్యాంకుబండుమీద తారక రామారావుగారి కాలముననే నిలిపిన తెలుగు ప్రముఖుల విగ్రహములును గలవు. వాటిలో కొన్నిటిని 2011లో తెలంగాణ ఉద్యమపు మిలియన్ మార్చి నాడు పడగొట్టిరి. అదియు మార్చి 10వ తేదీయే. ఆ విఱిగిన విగ్రహముల పటములు మఱునాడు పత్రికలన్నిట వచ్చినవి. బొమ్మలను తిరిగి నిలిపిరి. ఒకే తేదీ, ఒకే చెఱువు. విగ్రహములు విఱిగిన మార్చి 10 చాలమందికి జ్ఞాపకమున్నది. మనుష్యులు మునిగిన మార్చి 10 మా అమ్మాయికి మేము చెప్పువఱకు తెలియదు. దాని బడిలోని ఉపాధ్యాయులలోను కొందఱకు తెలియదని అది అడిగివచ్చి చెప్పినది.

సూర్యాపేట ప్రక్కనే పిల్లలమఱ్ఱి కలదు. రేచెర్ల రెడ్లు 12వ శతాబ్దాంతమునను 13వ శతాబ్దారంభమునను అచట శివాలయములు కట్టించిరి. నల్లఱాతి స్తంభములలో నేటికిని ముఖము చూచుకొనవచ్చును. బేతిరెడ్డి భార్య ఎఱకసాని 1208లో కట్టించిన గుడికి ఎఱకేశ్వరాలయమని పేరు. ఎనిమిది వందల యేండ్లు దాటినను ఒక స్త్రీ పేరు ఆ గుడితో నిలిచినందుకు మేము గర్వింతుము, పిల్లలకు చూపుదుము. ఆ సంతోషములో మఱచు సంగతి యొకటి కలదు: ఆ పేరు ధనమిచ్చినవారిది. స్తంభమును అద్దమువలె నునుపు చేసిన చేయి ఎవరిదో గుడి పేరు చెప్పదు. కాకతీయుల కాలమున ఇట్లుండుట వింత కాదు. చదువును పత్రికలును ఛాయాపటములును అరచేతిలో కెమెరాయు గల కాలమునను ఇట్లే యుండుట మాకు వింతగా నున్నది.

మా తల్లిగారి కీ కథయంతయు చెప్పినప్పుడు ఆమె కొంతసేపు మాటాడలేదు. ఆమె పుట్టినిల్లు కృష్ణ ఒడ్డు. బల్లకట్టు ప్రయాణము ఆమెకు తెలియును. ఒకమాఱు నడుమనీటిలో ఎద్దు బెదరి బల్లకట్టు వంగినప్పుడు అందఱును ఒక ప్రక్కకు పరుగెత్తబోగా, సరంగు కేక వేసి నిలిపినాడట. "కదిలితే చస్తరు అన్నడు. ఎవ్వలం కదల్లే" అని చెప్పి, "పాపం, వాళ్లకు చెప్పేటోడు లేకపాయె గావచ్చు" అనిరి.

పటములలో ఒకదానిని అచ్చు వేయింపవలెనని నిశ్చయించితిమి. ఏది యని ఇంట వాదము జరిగినది. అందఱి ముఖములును నవ్వుచున్న పటము మా గృహిణి కిష్టము. అమ్మాయి ఎన్నుకొన్నది వేఱు. అందు బుద్ధుడు సగమే యున్నాడు. మా తల్లిగారు పాదములమీద చేయి యుంచి తల త్రిప్పి నీటివంక చూచుచున్నారు. వారి ముఖము ప్రక్కకు తిరిగినది. పటములో మూడవవంతు నీరే, ఆకుపచ్చని మురికినీరు. మొదట అది చెడిన పటమని మేమే తీసివేయబోయితిమి.

సూర్యాపేటలోని పటముల దుకాణమున అది అచ్చయి వచ్చినది. అమ్మాయి వెనుకవైపున పెన్సిలుతో ఇట్లు వ్రాసినది: రాయగిరి ఱాయి. 1985 అక్టోబరు. 1990 మార్చి 10. 1992 డిసెంబరు 1. నాయనమ్మ. రెండవ తేదీ ప్రక్కన 'చనిపోయినవారు' అని వ్రాసి, అంకెకును పేర్లకును చాలునంత చోటు విడిచినది.